శాసనం చదివిన చేతితో కథ: ఆదిరాజు వీరభద్రరావు

గత పాఠంలో నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయాలు ఎలా పుట్టాయో చదివారు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ప్రారంభమైన సంగతి, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటాయి. గ్రంథాలయం పెట్టగానే ఒక చిక్కు ఎదురవుతుంది. బీరువాలు వస్తాయి, బల్లలు వస్తాయి, చదువరులు వస్తారు. చదవడానికి ఏముంది? ముఖ్యంగా పదీ పన్నెండేళ్ల పిల్లవాడికి తన ఊరి గురించి, తన దేశం గురించి తెలుగులో చెప్పే పుస్తకం ఏది? ఈ ప్రశ్నకు జవాబు రాయడంలో జీవితంలో ఎక్కువ భాగం గడిపిన ఖమ్మం ప్రాంతపు ఉపాధ్యాయుడు ఆదిరాజు వీరభద్రరావు. ఈ పాఠం ఆయన గురించి.

ముందుగా ఒక హెచ్చరిక. పరీక్షల్లో ఏటా కొందరు విద్యార్థులు ఈయనను చిలుకూరి వీరభద్రరావుగా పొరబడుతుంటారు. 'ఆంధ్రుల చరిత్రము' రాసినవారు చిలుకూరి. దాని మొదటి భాగాన్ని 1910లో విజ్ఞానచంద్రికా మండలి ప్రచురించింది. ఆయన గోదావరి ప్రాంతం వారు. మనం చదువుతున్న ఆదిరాజు నిజాం రాజ్యం వారు. పేరు ఒకటే, పని కూడా దగ్గరిదే కాబట్టి జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి.

మధిర నుంచి చాదర్‌ఘాట్ దాకా

ఆదిరాజు 1890లో ఖమ్మం ప్రాంతంలోని మధిర తాలూకా దెందుకూరులో పుట్టారు. మధిర ఆనాడు సరిహద్దు తాలూకా. కొద్ది దూరం వెళితే నిజాం రాజ్యం అయిపోయి, బ్రిటిషు వారి కృష్ణా జిల్లా మొదలయ్యేది. ఖమ్మం పక్కనుంచి పారే మున్నేరు ఆ హద్దును పట్టించుకోకుండా పెనుగంచిప్రోలు మీదుగా వెళ్లి కృష్ణలో కలుస్తుంది. తెలుగులో చరిత్ర రచనకు కొత్త దారి వేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1877లో పుట్టింది ఆ పెనుగంచిప్రోలులోనే. ఒకే ఏటి ఒడ్డు ప్రాంతం, ఒకే భాష, రెండు ప్రభుత్వాలు. ఇటువైపు పిల్లవాడికి, అటువైపు పిల్లవాడికి బడిలో దొరికేవి మాత్రం ఒకటి కావు.

చిన్నతనంలోనే తండ్రి పోవడంతో ఆదిరాజు తల్లితో హైదరాబాదు చేరుకున్నారు. అక్కడ రావిచెట్టు రంగారావు దంపతుల ఆదరణ లభించింది. అంటే భాషా నిలయం పుట్టిన ఇంటి నీడలోనే ఆయన చదువు సాగింది. తర్వాత చాలాకాలం చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశారు. 1973లో కన్నుమూశారు.

పండితుడి ఉద్యోగం ఆనాటి హైదరాబాదులో ఎలాంటిదో కొంచెం ఆలోచించాలి. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, కార్యాలయాల్లో నడిచేది ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలోనే జరిగేది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పవచ్చని నిరూపించిన గొప్ప ప్రయోగం అది. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ తెలుగు పిల్లవాడికి చరిత్ర, భూగోళం, లెక్కలు అన్నీ మరొక భాషలోనే అందాయి. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాషగా, బడిలో ఒక గంట పాఠంగా మిగిలింది. ఆ ఒక్క గంట ఆదిరాజు వంటి పండితుల చేతిలో ఉండేది.

ఇక 1921 నవంబరు. హైదరాబాదు వివేకవర్ధని హాలులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరుగుతోంది. పూనా నుంచి వచ్చిన మహర్షి కార్వే అధ్యక్షులు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు అల్లరి చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘాన్ని స్థాపించారు. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు వంటి వారితో పాటు ఆదిరాజు కూడా అందులో ఉన్నారు. ఈ సంఘటనను మీరు రాజకీయ చరిత్ర పాఠంలో ఆంధ్ర మహాసభకు నాందిగా చదువుతారు. దాన్ని మరొక వైపు నుంచీ చూడవచ్చు. తెలుగులో మాట్లాడటమే నవ్వులాటగా కనిపించిన చోట, తెలుగులో చరిత్ర రాయడానికి కూర్చున్నవాడికి ఎదురుగా ఏముండేదో ఊహించండి.

రెండు రకాల పేర్లు

ఆదిరాజు పుస్తకాల పేర్లను ఒకసారి చూడండి. ఒకవైపు 'ప్రాచీనాంధ్ర నగరములు', 'మన తెలంగాణము', 'జీవిత చరితములు', 'షితాబుఖాను'. మరొకవైపు 'లలిత కథావళి', 'గ్రీకు పురాణ కథలు', 'నవ్వుల పువ్వులు', 'మిఠాయి చెట్టు'. మొదటి వరుసలో 'నగరములు', 'చరితములు' అనే గ్రాంథిక బహువచనాలు ఉన్నాయి. రెండవ వరుసలో పిల్లలు నోరారా పలికే మాటలు వినిపిస్తాయి. భాష విషయంలో ఆనాటి పండితులు రెండు శిబిరాలుగా చీలి వాదించుకుంటుంటే, ఈ ఉపాధ్యాయుడు ఒకే చేత్తో రెండు రకాలా పేర్లు పెట్టారు. ఎదురుగా కూర్చున్నది ఎవరన్నదాన్ని బట్టి మాట మార్చడం బడిపంతులుకు అలవాటే కదా.

వీటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించే పేరు 'గ్రీకు పురాణ కథలు'. కారణం చెబుతాను. గ్రీకు కథలను పిల్లల కోసం తిరగరాయడం పంతొమ్మిదవ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో బాగా సాగింది. అమెరికాలో హాథార్న్ 1851లో, ఇంగ్లండులో చార్లెస్ కింగ్స్‌లీ 1856లో అలాంటి పుస్తకాలు వేశారు. అంతకుముందే 1807లో చార్లెస్ లాంబ్, మేరీ లాంబ్ అనే అన్నాచెల్లెళ్లు... కాదు, మేరీయే పెద్దది కాబట్టి అక్కాతమ్ముళ్లు, షేక్స్‌పియర్ నాటకాలను పిల్లల కథలుగా మార్చారు. ఆ పుస్తకం మన దేశపు ఇంగ్లీషు బడుల్లో తరతరాలు చదివింది.

మరి హైదరాబాదులో తెలుగు పిల్లలకు గ్రీకు కథలు ఎందుకు? దీనికి జవాబు వెతికే ముందు చాలాకాలం తర్వాత జరిగిన మరొక సంగతి చెప్పుకోవాలి. 'అమర్ చిత్రకథ' బొమ్మల పుస్తకాలను 1967లో ప్రారంభించిన అనంత్ పాయ్, తనకు ఆ ఆలోచన ఎలా వచ్చిందో చెబుతూ ఒక టీవీ క్విజ్ పోటీని గుర్తుచేసేవారు. అందులో పాల్గొన్న విద్యార్థులు గ్రీకు దేవతల గురించి చెప్పగలిగారు, రాముడి తల్లి పేరు చెప్పలేకపోయారు. పాయ్ దృష్టిలో పరాయి పురాణం వచ్చి మన పురాణం చోటును ఆక్రమించింది. ఆదిరాజు పిల్లలకు రెండూ ఇచ్చారు. 'మన తెలంగాణము' రాసిన కలమే 'గ్రీకు పురాణ కథలు' కూడా రాసింది. ఒలింపస్ కొండను తెలుగులో ఎక్కిన పిల్లవాడికి తన భాష లోకంలో దేన్నైనా చెప్పగలదన్న ధైర్యం వస్తుంది. 1921లో వివేకవర్ధని హాలులో కావలసింది సరిగ్గా ఆ ధైర్యమే.

తెలుగులో ఈ దారి ఆదిరాజుతోనే మొదలుకాలేదు. కొమర్రాజు అక్క భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' పేరుతో స్త్రీల చరిత్రలు రాశారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం టాడ్ దొర రాసిన రాజపుత్రుల చరిత్రను 'రాజస్థాన కథావళి'గా చెప్పారు. కొమర్రాజు శివాజీ చరిత్ర, గాడిచర్ల హరిసర్వోత్తమరావు అబ్రహాం లింకన్ చరిత్ర రాశారు. వీరుల కథలకు కొదవ లేదు. అయితే ఆ వీరులు మేవాడు వారు, మహారాష్ట్రం వారు, అమెరికా వారు. ఓరుగల్లు, ఖమ్మంమెట్టు ఎక్కడ? ఆ ఖాళీని పూరించాలంటే కథ చెప్పే నేర్పు ఒక్కటే చాలదు. ముందు ఆధారం వెతకాలి.

ఆధారం వెతికిన సంఘం

కొమర్రాజు 1923లో చనిపోయారు. ఆయన పేరుతో హైదరాబాదులో వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి శాసనాలు, తాళపత్రాలు సేకరించే పని చేపట్టింది. దానికి ఆదిరాజు కార్యదర్శిగా పనిచేశారు. ఆ మండలి 1935లో వెలువరించిన 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటం నేటికీ పరిశోధకులు తీసి చూసే పుస్తకం. నిజాం ప్రభుత్వానికి 1914 నుంచే గులాం యజ్దానీ ఆధ్వర్యంలో పురావస్తు శాఖ ఉంది. అజంతా చిత్రాల పరిరక్షణ వంటి పెద్ద పనులు అది చేసింది. కానీ దాని ప్రచురణలు ప్రధానంగా ఇంగ్లీషులో వచ్చేవి. పొలంగట్టున పడి ఉన్న రాయి మీది తెలుగును తెలుగువాడు తెలుగులోనే చదువుకోవడానికి ప్రత్యేకంగా ఒక సంఘం పెట్టుకోవలసి వచ్చింది.

పగలు బడిలో పాఠం, తీరిక దొరికితే శాసనం, మళ్లీ పిల్లల కథ. ఈ మూడు పనులు ఒకే మనిషిలో కలవడం వల్ల ఏం జరిగిందో తెలుసుకోవడానికి షితాబుఖాను మంచి ఉదాహరణ.

షితాబుఖాను ఎవరు?

ఖమ్మంలో చదువుతున్న మీలో చాలామంది ఖిల్లా ఎక్కి ఉంటారు. పదహారవ శతాబ్దం మొదట్లో ఆ ఖిల్లా, ఓరుగల్లు, బెల్లంకొండ ఒకే మనిషి చేతిలో ఉండేవి. ఆయన గురించి మనకు ప్రధానంగా మూడు రకాల ఆధారాలు ఉన్నాయి.

మొదటిది ఓరుగల్లు కోటలోని 1504 నాటి శాసనం. అందులో ఆయన భోగి వంశం వాడు. ఏకశిలా నగరాన్ని, అంటే ఓరుగల్లును, గెలుచుకుని, తురుష్కుల వల్ల స్థానభ్రంశం పొందిన దేవతలను తిరిగి నిలిపిన వాడు. తనను కాకతీయుల వారసత్వానికి దగ్గరగా చూపుకోవాలన్న ఆరాటం అందులో కనిపిస్తుంది. 1323లో కాకతీయ రాజ్యం పోయి అప్పటికి 180 ఏళ్లు దాటింది. అయినా ఓరుగల్లులో అధికారం చేపట్టిన వాడికి ఆ పేరు కావలసివచ్చింది.

రెండవది గోల్కొండ కుతుబ్‌షాహీల పారశీక చరిత్ర. అక్కడ ఆయన సీతాపతి. ఖమ్మంమెట్టు రాజు. సుల్తాన్ కులీ కుతుబ్‌షా చేతిలో ఓడి, కోటలు పోగొట్టుకుని గజపతి పక్షం వైపు పారిపోయిన శత్రువు.

మూడవది 'రాయవాచకము'. శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్రను చెప్పే తెలుగు వచన గ్రంథం ఇది. ఇందులో ఆయన చితాపుఖాను. రాయల సేనకు దారిలో అడ్డుపడినవాడు.

ఒకరి దగ్గర వీరుడు, మరొకరి దగ్గర పారిపోయినవాడు, ఇంకొకరి దగ్గర అడ్డంకి. పేరు కూడా ఒకటి కాదు. షితాబ్ అంటే పారశీకంలో వేగం. షితాబుఖాను అనేది బిరుదు. బహమనీల కొలువు వాసన దానికి ఉంది. హిందూ దేవాలయాలను నిలబెట్టానని రాయించుకున్న శాసనంలో కూడా ఆయన ఆ బిరుదును వదులుకోలేదు. ఈ ఒక్క విషయం దగ్గర మీరు కాసేపు ఆగాలి. మతాన్ని బట్టి ఆనాటి మనుషులను రెండు గుంపులుగా విడదీసి చూసే అలవాటు మనకుంది. ఆయన ఏ గుంపులోనూ ఇమడడు.

హీరానంద శాస్త్రి 1932లో ఈయనపై ఇంగ్లీషులో రాసిన చిన్న గ్రంథాన్ని హైదరాబాదు పురావస్తు శాఖ ప్రచురించింది. ఆదిరాజు అదే మనిషిని తీసుకుని తెలుగులో 'షితాబుఖాను' రాశారు. పండితుల చర్చలో ఉన్న పేరు దాంతో తెలుగు చదువరి ఇంటికి వచ్చింది.

ఇలాంటి కథను చిన్నవారికి చెప్పడం శివాజీ కథ చెప్పినంత సులువు కాదు. శివాజీ కథకు ఆది, అంతం, ఒక దారి ఉన్నాయి. షితాబుఖాను కథలో మూడు నోళ్లు ఒకదానికొకటి ఎదురు చెబుతాయి. చాలామంది కథకులు ఇక్కడ ఒక నోటిని ఉంచి మిగతా రెండింటిని మూసేస్తారు. అప్పుడు కథ నున్నగా వస్తుంది, చరిత్ర జారిపోతుంది. పన్నెండేళ్ల పిల్లవాడు అయోమయపడతాడని మనం అనుకుంటాం. నిజానికి ఊళ్లో ఒక తగాదా జరిగితే మూడిళ్ల వాళ్లు మూడు రకాలుగా చెప్పడం వాడు రోజూ వింటూనే ఉంటాడు.

*ఆలోచించండి: పై మూడు ఆధారాల్లో ఏది ఎవరు రాయించినది? రాయించినవారికి ఆ కథ వల్ల కలిగే లాభం ఏమిటి? ఒక్కొక్కదానికి రెండు వాక్యాలు రాయండి.*

గోదావరి ఒడ్డున కథలు

ఖమ్మం నుంచి తూర్పుగా అడవి మొదలయ్యే చోట చరిత్రకూ పురాణానికీ మధ్య గీత గీయడం ఇంకా కష్టమవుతుంది. ఇక్కడి పిల్లలకు రామాయణం పుస్తకంలో ఉన్న కథ కాదు, దారిలో ఎదురయ్యే ఊళ్ల పేర్లు. దుమ్ముగూడెం దగ్గర పర్ణశాల ఉంది. వాగు ఒడ్డున రాతి మీద చారలు చూపించి సీతమ్మ చీర ఆరేసిన గుర్తులంటారు. ఏటపాక జటాయువు పడిన చోటంటారు. ఆ ఏటపాక 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. అసలు భద్రాచలమే ఎన్ని చేతులు మారిందో చూడండి. 1860లో నిజాం దాన్ని బ్రిటిషు వారికి ఇచ్చాడు. మొదట మధ్యపరగణాల్లో ఉంది, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరింది, 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. అంటే ఆదిరాజు 'మన తెలంగాణము' అని రాసిన రోజుల్లో భద్రాచలం నిజాం రాజ్యంలో లేదు. రామదాసు పుట్టిన నేలకొండపల్లి ఒక రాజ్యంలో, ఆయన కట్టించిన గుడి మరొక రాజ్యంలో ఉండేవి.

రామదాసు కథ మీ అందరికీ తెలుసు. కంచర్ల గోపన్న తహశీల్దారు కావడం, వసూలైన పైకంతో గుడి కట్టించడం, గోల్కొండ చెరసాల, చివరకు రామలక్ష్మణులు స్వయంగా వచ్చి తానీషాకు ఆరు లక్షల మాడలు చెల్లించడం. దీనిలో ఏది చరిత్ర? 1672 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన అబుల్ హసన్ తానీషా చరిత్ర. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని చెబుతారు. వారు 1686లో హత్యకు గురికావడం చరిత్ర. మాడలు చెల్లించిన ఘట్టం భక్తుల నమ్మకం. దాన్ని తీసేసి పిల్లలకు కథ చెప్పనవసరం లేదు, చరిత్రగా చెప్పనూ కూడదు. "ఇక్కడి వాళ్లు ఇలా చెప్పుకుంటారు" అనే ఒక చిన్న మాట చాలు. తిరిగి చెప్పేవాడి నిజాయితీ చాలాసార్లు ఆ చిన్న మాటలోనే ఉంటుంది.

ఈ కథలోనే మరొక మనిషి ఉంది. పోకల దమ్మక్క. గోపన్న రాకముందే పుట్టలో ఉన్న విగ్రహాలను చూసి, పందిరి వేసి, అడవి పండ్లు నైవేద్యం పెట్టిన గిరిజన స్త్రీ అని స్థానిక సంప్రదాయం చెబుతుంది. పిల్లల పుస్తకాల్లో ఆమెకు సాధారణంగా ఒక వాక్యం దొరుకుతుంది, రెండో వాక్యం నుంచి గోపన్న వచ్చేస్తాడు.

ఆదిరాజు తరం వారి పనిలో నాకు కనిపించే పరిమితి ఇక్కడే ఉంది. వారు రాయిని చదివారు. రాయి కోట దగ్గర, గుడి దగ్గర, చెరువు కట్ట దగ్గర ఉంటుంది. 'ప్రాచీనాంధ్ర నగరములు' అన్న పేరే చెబుతుంది, ఆ చరిత్ర నగరాలది. అడవిలో శాసనం వేయించిన వారు తక్కువ. అలాగని అడవికి చరిత్ర లేదనుకోకూడదు. కోయల్లో డోలీలు అనే కథకులు ఉన్నారు. వారి దగ్గర పడిగె అనే బొమ్మల గుడ్డ ఉంటుంది. గోత్రం ఎలా పుట్టింది, వేల్పు ఎవరు, ఎవరితో ఎవరు పోరాడారు అన్నది ఆ బొమ్మల వరుసను అనుసరించి డోలు వాయిస్తూ పాడతారు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథలు అలా తరాలు దాటి వచ్చాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ సంప్రదాయపు గాయకుడు. కోయలోనూ తెలుగులోనూ పాడగలిగేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు.

శాసనం చదవడం నేర్చుకోవడానికి ఆదిరాజు వంటి వారు ఒక మండలి పెట్టుకున్నారు. పడిగె చదవడం నేర్చుకోవాలంటే లిపి కాదు, వినడం రావాలి. పాడేవారు తగ్గిపోతున్న కొద్దీ ఆ పని త్వరపడి చేయవలసినదవుతుంది.

ఈ పాఠానికి క్షేత్ర పని ఒకటి ఉంది. భద్రాచలం వెళ్లగలిగినవారు గుడి పరిసరాల్లోని ఫలకాల మీద, అక్కడ అమ్మే చిన్న పుస్తకాల్లో రామదాసు పేరు ఎన్నిచోట్ల ఉందో, దమ్మక్క పేరు ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టి రాసుకోండి. వెళ్లలేనివారు మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, వారు చెప్పిన కథను వారి మాటల్లోనే ఒక పేజీకి మించకుండా రాయండి. మీ అధ్యయన కేంద్రంలో జరిగే తర్వాతి కౌన్సిలింగ్ తరగతికి ఆ కాగితం తీసుకురండి.